పాత పాటకూ కొత్త పాటకూ ఒకే కుర్చీ

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము నలుగురం ఒక ఆదివారం కూర్చుని ఆలోచించాం. పోటీ పరీక్షలకు ఎలా చదవాలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఉద్యోగాల గురించీ రాస్తున్నారు. ఈసారి వాటిని పక్కన పెట్టి, చెల్లో అనే వాద్యం గురించీ దాన్ని వాయించే ఒక కళాకారుడి గురించీ రాద్దామనుకున్నాం. మొదటి ప్రతి చదివిన ఒక తమ్ముడు, "మనకెందుకన్నా ఆ దొరల సంగీతం?" అని మొహం మీదే అడిగేశాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు తరవాత చెబుతాం, ముందు విషయంలోకి వెళదాం.

వయొలిన్ మనకు కొత్త కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆ వయొలిన్ కుటుంబంలో మొత్తం నలుగురున్నారు. అందరికన్నా చిన్నది వయొలిన్, తరవాత వియోలా, ఆ తరవాత చెల్లో, అన్నిటికన్నా పెద్దది డబుల్ బాస్. చెల్లోను భుజం మీద పెట్టుకోవడం కుదరదు. నిలబెడితే నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. కుర్చీలో కూర్చుని, వాద్యాన్ని మోకాళ్ళ మధ్య నిలుపుకుని, కుడి చేత్తో కమాను లాగుతారు. నాలుగు తీగలు. ఏ రెండు పక్క తీగల మధ్యనైనా మన షడ్జమానికీ పంచమానికీ ఉన్నంత ఎడం. కింది తీగ మీద ముసలాయన గొంతులా పలుకుతుంది, పై తీగ మీదికి వెళితే ఆడపిల్ల గొంతు. సినిమాలో ఎవరైనా ఊరు విడిచి వెళ్ళే దృశ్యంలో వెనక నుంచి బరువుగా ఒక వాద్యం ఏడుస్తుంటుంది చూడండి, చాలాసార్లు అది చెల్లోనే. మనం విన్నాం, పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేము చెప్పబోయే కళాకారుడి పేరు జాఁ గియెన్ కెరాస్. ఫ్రెంచి పేరు, నోరు తిరగడానికి కొంచెం సమయం పడుతుంది. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పుట్టాడు. చిన్నతనం కొంత అల్జీరియాలో, తరవాత దక్షిణ ఫ్రాన్సులో కొండల మధ్య ఉన్న ఒత్ ప్రొవాన్స్ ప్రాంతంలో గడిచింది. లియోన్‌లోని జాతీయ సంగీత కళాశాలలోనూ, ఆపైన జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లోనూ, అమెరికాలోని న్యూయార్క్‌లోనూ చదువుకున్నాడు. ఇంతవరకు చాలామంది కళాకారుల జీవితంలాగే ఉంది. ఆయన్ను ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది.

చెల్లో నేర్చినవారికి యూరప్‌లో ఒక రహదారి ఉంది. బీథోవెన్ దగ్గర మొదలై ష్యూమన్, బ్రామ్స్, ద్వోర్జాక్, ఎల్గార్‌ల మీదుగా షోస్టకోవిచ్ దాకా, సుమారు నూటయాభై ఏళ్ళ సంగీతం. కచేరీలు పెట్టేవారు అడిగేది అదే, టిక్కెట్టు కొనేవారు వినాలనుకునేదీ అదే. ఆ రహదారికి ముందు ఒక అడవి, వెనక ఒక అడవి. ముందున్నది 1600, 1700ల నాటి పాత సంగీతం. వెనక ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం తరవాత పుట్టిన కొత్త సంగీతం. రెండు అడవుల్లోనూ మనుషులున్నారు, కాని వాళ్ళకూ వీళ్ళకూ పెద్దగా రాకపోకలు లేవు. పాత సంగీతం వాళ్ళకు కొత్తది గోలగా వినిపించేది. కొత్త సంగీతం వాళ్ళకు పాతది మ్యూజియంలా కనిపించేది. కెరాస్ రెండింటిలోనూ కాపురం పెట్టాడు. చుట్టపుచూపుగా వెళ్ళి రావడం కాదు, రెండు చోట్లా కూలికి కుదిరి పనిచేశాడు.

ముందుగా కుదిరింది కొత్త దానిలో. పియెర్ బూలేజ్ (1925-2016) అనే ఫ్రెంచి స్వరకర్త, సంగీత దర్శకుడు 1976లో పారిస్‌లో ఒక బృందాన్ని నెలకొల్పాడు. పేరు ఆన్సాంబ్ల్ ఎంతెర్‌కాంతాంపొరెన్. అందులో 31 మంది వాద్యకారులు. వాళ్ళ పని ఇరవయ్యో శతాబ్దపు సంగీతాన్ని, అందులోనూ ఇంకా సిరా ఆరని సంగీతాన్ని వాయించడం. దీనికి ఫ్రెంచి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, ఎవరూ వినని కొత్త పాటకు మార్కెట్టు ఉండదు. టిక్కెట్ల డబ్బుతోనే బతకాలంటే ఆ బృందం రెండేళ్ళు కూడా నిలిచేది కాదు. ప్రభుత్వ సొమ్ముతో అన్నం తిని చదువుకున్న మనకు ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

కెరాస్ 1990లో, అంటే ఇరవై మూడేళ్ళ వయసులో, ఆ బృందంలో చేరి 2001 దాకా ఉన్నాడు. పదకొండేళ్ళు. ఆ పని ఎలాంటిదో తెలియాలంటే రెండు రచనల సంగతి చెప్పాలి.

మొదటిది హంగేరీ నుంచి ఆస్ట్రియాకు వలస వెళ్ళిన గ్యోర్గి లిగెటి రాసిన చెల్లో కాన్సెర్టో. కాన్సెర్టో అంటే ఒక వాద్యం ముందు నిలిచి, వెనక పెద్ద బృందంతో కలిసి వాయించే రచన. 1966లో రాశాడు, 1967లో బెర్లిన్‌లో సీగ్‌ఫ్రీడ్ పామ్ మొదటిసారి వాయించాడు. చిత్రం ఏమిటంటే కెరాస్ పుట్టిందీ ఆ ఏడాదే. పాశ్చాత్య స్వరలిపిలో మెల్లగా వాయించమని చెప్పడానికి 'పి' అనే అక్షరం వేస్తారు. ఇంకా మెల్లగా కావాలంటే రెండు 'పి'లు, మరీ మెల్లగా అయితే మూడు. లిగెటి ఈ రచన మొదట్లో చెల్లో ఒక్కటే పలికే ఒకే ఒక్క స్వరానికి ఎనిమిది 'పి'లు వేశాడు! కమాను తీగను తాకిందో లేదో కూడా తెలియకూడదు. హాల్లో కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కించి, ఇది శబ్దమా, నా భ్రమా అనుకునే దగ్గర మొదలవుతుంది. చివరకూడా అంతే, గుసగుసలాడుతూ వినపడకుండా మాయమైపోతుంది. గట్టిగా వాయించడం బలం ఉన్నవాడెవడైనా చేస్తాడు. కమాను వణకకుండా ఇంత మెల్లగా లాగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ కాన్సెర్టోను కెరాస్, బూలేజ్ నిర్వహణలో ఆ బృందంతోనే రికార్డు చేశాడు.

రెండవది బూలేజ్ స్వయంగా రాసిన మెసాజెస్కిస్. స్విట్జర్లాండ్‌లో పౌల్ జాఖర్ (1906-1999) అని ఒక సంగీత నిర్వాహకుడు ఉండేవాడు. 1976లో ఆయనకు డెబ్బయ్యో ఏడు. రష్యన్ చెల్లో విద్వాంసుడు రొస్ట్రొపోవిచ్ పన్నెండు మంది స్వరకర్తలను అడిగి, జాఖర్ పేరులోని అక్షరాలనే స్వరాలుగా పెట్టి చెల్లోకు తలా ఒక రచన చేయించాడు. పేరు స్వరమెలా అవుతుందంటే, యూరప్‌లో స్వరాలకు స, రి, గ అని కాకుండా ఎ, బి, సి, డి అని అక్షరాల పేర్లున్నాయి. జర్మన్లు ఒక స్వరాన్ని 'హెచ్' అనీ, మరొక దాన్ని 'ఎస్' అనీ పిలుస్తారు. ఫ్రెంచి వాళ్ళ 'రె' మన రిషభంలాంటిది, దాన్ని 'ఆర్' అక్షరానికి పెట్టుకున్నారు. ఎస్, ఎ, సి, హెచ్, ఇ, ఆర్. అలా ఒక మనిషి పేరు ఆరు స్వరాల పాటైంది. మిగిలినవారు ఒక్క చెల్లోకు రాస్తే బూలేజ్ ఏకంగా ఏడు చెల్లోలకు రాశాడు. ముందు కూర్చున్న ఒకరు, వెనక ఆరుగురు. మొదట్లో ఒకరి తరవాత ఒకరు ఒక్కో స్వరాన్ని పట్టుకుని నిలబెడతారు, తరవాత ఏడుగురూ కలిసి పరుగు లంకించుకుంటారు. ఒక్కరు తడబడినా అందరూ పడిపోతారు. ఇందులో కూడా ముందు కుర్చీలో కూర్చుని రికార్డు చేసింది కెరాసే.

జాఖర్ గురించి ఇంకో మాట చెప్పి వదిలేస్తాం. ఆయన 1926లో బాసెల్ ఊళ్ళో స్థాపించిన బృందం పాత సంగీతమూ అప్పుడే రాసిన సంగీతమూ రెండూ వాయించేది. 1933లో పాత సంగీతం నేర్పడానికి ఒక బడి కూడా పెట్టాడు. భార్య వైపునుంచి వచ్చిన మందుల కంపెనీ సంపద ఆయన దగ్గరుండేది. దాన్ని బార్తోక్ లాంటి వారి చేత కొత్త రచనలు చేయించడానికి ఖర్చు పెట్టాడు. అంటే రెండు అడవుల మధ్య దారి వేసినవాళ్ళు కెరాస్‌కు ముందే లేకపోలేదు. డబ్బున్నవాడు చేస్తే ఆ దారి త్వరగా పడుతుంది, అంతే.

ఈ కొత్త సంగీతంలో చెల్లోను మామూలుగా లాగితే సరిపోదు. కమాను వెంట్రుకలను వదిలి దాని కర్రతో తీగను కొట్టాలి. తీగలను మోసే చిన్న చెక్కమెట్టు దగ్గరికి వెళ్ళి గరగరమనే శబ్దం తీయాలి. తీగను వేలితో ఎంత గట్టిగా లాగి వదలాలంటే అది చెక్కకు తగిలి ఫటేల్మనాలి. రెండు స్వరాలకు నడుమ ఉన్న సన్నని స్వరాలు పలకాలి. గమకాలు విన్న మన చెవికి ఈ చివరిది వింతగా ఉండదు, హార్మోనియం మెట్లకు అలవాటుపడ్డ యూరప్ చెవికి మాత్రం వింతే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. రాసినవాడు ఎదురుగా బతికి ఉంటాడు. ఇక్కడ ఏం కావాలి నీకు అని అడగవచ్చు. ఇది నా వాద్యం మీద పలకదు, మార్చు అని వాదించవచ్చు. ఇవాన్ ఫెడెలే, జిల్బేర్ అమీ, బ్రూనో మాంతొవానీ, మికేల్ జారెల్, తోమాస్ లార్కర్ వంటి స్వరకర్తల రచనలను లోకానికి మొదట వినిపించింది కెరాసే. హంగేరీ స్వరకర్త పీటర్ ఎత్వోష్ (1944-2024) చెల్లో కాన్సెర్టోను, ఆ ఎత్వోష్ నిర్వహణలోనే రికార్డు చేశాడు. 2002లో టొరాంటోలో బూలేజ్‌కు గ్లెన్ గూల్డ్ బహుమతి ఇచ్చినప్పుడు, దానితోపాటు ఒక యువ కళాకారుడికి ఇచ్చే పురస్కారానికి ఆయన కెరాస్‌ను ఎంపిక చేశాడు.

ఇక పాత అడవి సంగతి. ఇది చెప్పడం మాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇక్కడ మనకు తెలిసిన వస్తువులు తగులుతాయి.

ఇప్పటి చెల్లో తీగలు ఉక్కువి. రెండు మూడు వందల ఏళ్ళ కిందట గొర్రె పేగుతో చేసేవారు. పేగును శుభ్రం చేసి, మెలిపెట్టి, ఆరబెట్టి తీగ చేస్తారు. ఉక్కు తీగ మెరుస్తుంది, గట్టిగా మోగుతుంది, శ్రుతి నిలబడుతుంది. పేగు తీగ అలా కాదు. గాలిలో తేమ పెరిగితే ఒకలా, ఎండ కాస్తే ఒకలా ఉంటుంది. కచేరీ మధ్యలో శ్రుతి తప్పుతుంది. డప్పు కొట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. వానాకాలంలో డప్పు మెత్తబడితే ఎండుగడ్డి మంట వేసి కాచి, కంగుమని పలికేదాకా చూసుకుని అప్పుడు భుజాన వేసుకుంటారు కదా! చర్మమైనా పేగైనా ఒకప్పుడు ప్రాణం ఉన్నవే. వాటికి వాతావరణం తెలుస్తుంది. బదులుగా పేగు తీగకు ఒక గుణం ఉంది. మాట్లాడుతున్నట్టు పలుకుతుంది. అక్షరం మొదట్లో పెదవులు కలిసి విడిపోయిన చప్పుడులాంటిది కూడా వినిపిస్తుంది.

ఇంకా తేడాలున్నాయి. ఇప్పటి చెల్లో కింద ఒక ఇనుప కాలు ఉంటుంది, అది నేలకు ఆనుతుంది. పాతరోజుల్లో అది లేదు. వాద్యాన్ని రెండు పిక్కల మధ్య పట్టి ఉంచవలసిందే. అప్పటి కమాను కర్ర మన విల్లులా బయటికి వంగి ఉండేది, ఇప్పటిది లోపలికి వంగి ఉంటుంది. పాత కమానుతో ఒకే స్వరాన్ని చివరిదాకా ఒకే బలంతో సాగదీయడం కష్టం, చిన్న చిన్న పలుకులుగా విరిచి చెప్పడం తేలిక. శ్రుతి కూడా కిందికే. నేడు 'ఎ' స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెడితే, పాత సంగీతం వాయించేవారు సాధారణంగా 415 దగ్గర పెడతారు. హార్మోనియం మీద ఒక మెట్టు కిందికి దిగినట్టు.

వీటన్నిటినీ వెతికి తిరిగి వాడుకలోకి తెచ్చినవారిలో హాలండ్ దేశపు ఆనర్ బైల్స్మా (1934-2019) ఒకడు. 1962 నుంచి 1968 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌గెబౌ అనే మహా వాద్యబృందంలో మొదటి కుర్చీ ఆయనది. అంత కుర్చీ వదిలేసి పేగు తీగలు బిగించుకున్నాడు. బైల్స్మా తరం వేసిన దారి వల్లే కెరాస్ తరానికి తలుపులు తెరిచి ఉన్నాయి.

కెరాస్ ఫ్రైబుర్గ్ బరోక్ బృందంతో కలిసి 1700ల నాటి హైడ్న్ రచనలను పాత పద్ధతిలో రికార్డు చేశాడు. అందులో సి మేజర్ కాన్సెర్టో కథ వింటే పాత అన్న మాటకు అర్థం ఏమిటో అని అనుమానం వస్తుంది. హైడ్న్ దాన్ని 1760ల మొదట్లో రాశాడు. తరవాత కాగితాలు పోయాయి. దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరూ వాయించలేదు, ఎవరూ వినలేదు. 1961లో ప్రాగ్ నగరంలోని జాతీయ మ్యూజియంలో ఒక పరిశోధకుడికి పాత కాగితాల్లో ఆ ప్రతి దొరికింది. మరుసటి ఏడాది మళ్ళీ వాయించారు. ఇప్పుడు ప్రపంచంలో చెల్లో నేర్చుకునే ప్రతి విద్యార్థీ దాన్ని సాధన చేస్తాడు. ఆ లెక్కన 1966లో రాసిన లిగెటి కాన్సెర్టో కన్నా లోకానికి ఇది నాలుగైదేళ్ళు మాత్రమే పెద్దది! అటకమీద పెట్టి మర్చిపోయిన దాన్ని పాతది అందామా, దొరికిన రోజున పుట్టింది అందామా? మాలో మాకే తేలలేదు.

రెండు అడవులూ కలిసే చోటు ఒకటుంది. అది బాఖ్. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1720 ప్రాంతంలో ఏ తోడూ లేని ఒక్క చెల్లో కోసం ఆరు సూట్లు రాశాడు. సూట్ అంటే వరసగా వచ్చే నాట్యాల గుత్తి. ముందు ఒక ప్రస్తావన, తరవాత అయిదు నాట్యాలు. అలా ఆరు ఆర్లు ముప్పయ్యారు భాగాలు. అన్నీ వాయించడానికి రెండు గంటలు దాటుతుంది. బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు. ఆయన భార్య అన్నా మగ్దలేనా రాసిపెట్టుకున్న నకలే మనకు మిగిలిన వాటిలో ముఖ్యమైనది. ఎంత వేగంగా వాయించాలి, ఎంత గట్టిగా వాయించాలి అని అందులో దాదాపు ఏమీ లేదు. లిగెటి ఎనిమిది 'పి'లు వేస్తే, బాఖ్ చాలా చోట్ల ఏమీ వేయలేదు. అయిదవ సూట్‌కు పై తీగను ఒక స్వరం కిందికి దించమన్నాడు. ఆరవది నాలుగు తీగలకు కాకుండా అయిదు తీగల వాద్యానికి రాశాడు. దాన్ని నాలుగు తీగల మీద వాయించేవారి ఎడమచేతి అవస్థ చూడాలి.

ఇవి కూడా చాలాకాలం సాధన పాఠాలుగానే పడి ఉన్నాయి. 1890లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పదమూడేళ్ళ పాబ్లో కసాల్స్ అనే కుర్రాడికి పాత సంగీత పుస్తకాలమ్మే దుకాణంలో వీటి అచ్చు ప్రతి దొరికింది. ఏళ్ళ తరబడి సాధన చేశాకగాని ఒక పూర్తి సూట్‌ను సభలో వాయించే ధైర్యం చేయలేదు. 1936 నుంచి 1939 దాకా ఆరింటినీ రికార్డు చేశాడు. అప్పటి నుంచి చెల్లో పట్టినవారికి ఇవే కొండ. మాలో ఒకరికి హైదరాబాద్ కోఠీ పాత పుస్తకాల వరసలో అట్టలేని డిగ్రీ గైడు దొరికి గట్టెక్కిన అనుభవం ఉంది. కసాల్స్ కథ మాకు అందుకే బాగా నచ్చింది.

కెరాస్ ఈ ఆరు సూట్లను 2007లో రికార్డు చేశాడు. అప్పటికి 2005 నుంచి ఆయన చేతిలో ఉండింది 1696లో గియోఫ్రెడో కాప్పా అనే ఇటలీ కళాకారుడు చేసిన చెల్లో. అది సొంతం కాదు. ఒక ఫ్రెంచి బ్యాంకువారి సంగీత నిధి వాడుకోమని అప్పుగా ఇచ్చింది. అంత పాత వాద్యాల ధర వాయించేవాళ్ళు భరించేది కాదు. మనం ఏడాది చివర హాస్టల్‌కు తిరిగి అప్పజెప్పే పుస్తకాల్లాగే అదీ ఎప్పుడో తిరిగి ఇవ్వవలసిన వస్తువే. బాఖ్ ఆ సూట్లు రాసేనాటికే ఆ చెల్లోకు పాతికేళ్ళ వయసుంది.

సూట్లను బాగా వాయించి ఊరుకుంటే కెరాస్ గురించి మేము ఇంత రాసేవాళ్ళం కాదు. ఆయన ఆరుగురు బతికున్న స్వరకర్తల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క సూట్‌కు ముందు వాయించడానికి ఒక్కొక్క చిన్న రచన చేయమని అడిగాడు. హంగేరీ వాడైన గ్యోర్గి కుర్తాగ్, ఇంగ్లండ్ నుంచి జోనాథన్ హార్వే, ఇటలీ నుంచి ఫెడెలే, ఫ్రాన్సు నుంచి అమీ, జపాన్ నుంచి మిసాతో మొచిజుకి, ఇచిరో నొదాయిరా. ఆ కార్యక్రమానికి ఆరు సూట్లు, ఆరు ప్రతిధ్వనులు అని పేరు. హార్వే తన రచనకు పెట్టిన పేరు ఇంకా తమాషాగా ఉంది. తెలుగులో చెప్పాలంటే ముందస్తు ప్రతిధ్వని. శబ్దం కన్నా ముందే ప్రతిధ్వని వస్తుందా? కచేరీలో వస్తుంది. ముందు ఇప్పటివాడి రచన వినిపిస్తుంది, ఆగకుండా బాఖ్ మొదలవుతాడు. చెవి కొత్తదానికి సర్దుకున్నాక బాఖ్ వస్తే, అలవాటైన పాటలో కూడా కొత్త కోణాలు వినిపిస్తాయి. ఈ స్వరం తరవాత ఆ స్వరం ఎందుకు వేశాడు, ఇక్కడ ఎందుకు ఆగాడు అని ప్రశ్న పుడుతుంది. బూలేజ్‌తో గడిపిన పదకొండేళ్ళూ కెరాస్ పక్కనున్న స్వరకర్తను అడిగిన ప్రశ్నలు అవే. బాఖ్ సమాధిలో ఉన్నాడు కాబట్టి జవాబు కాగితంలోనే వెతుక్కోవాలి, అంతే తేడా. రెండు విద్యలూ ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో మాకు ఇక్కడే అర్థమైంది. పేగు తీగమీద నేర్చిన పలుకు లిగెటి గుసగుసలకు పనికొస్తుంది. కొత్తవాళ్ళ దగ్గర నేర్చిన ప్రశ్న బాఖ్‌కు పనికొస్తుంది.

2017లో బెల్జియం నాట్యకర్త్రి ఆన్ తెరేసా దె కేర్స్‌మేకర్ తన నర్తకులతో ఈ ఆరు సూట్లకూ నాట్యం కూర్చితే, రంగస్థలం మీద నర్తకుల మధ్యే కూర్చుని కెరాస్ వాయించాడు. మొదట నాట్యాలుగా పుట్టినవే కదా, మళ్ళీ కాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఆ తరవాత ఆరింటినీ 2023లో మళ్ళీ రికార్డు చేశాడు, 2024లో విడుదలైంది. ఒకసారి చేసింది చాలదా అని అడగవచ్చు. నలభై ఏళ్ళవాడు చదివిన పుస్తకమూ యాభై ఆరేళ్ళవాడు చదివిన పుస్తకమూ ఒకటేనా?

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. మనకెందుకు ఈ దొరల సంగీతం?

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో హాస్టల్ డే వస్తే సినిమా పాటలకు డాన్సు చేసేవాళ్ళం. మాలో ఒకడి తండ్రి చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరున్న డప్పు కళాకారుడు. వీడికీ చేయి తిరుగుతుంది. కొట్టరా అంటే కొట్టేవాడు కాదు. తండ్రి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే కూలి అని చెప్పేవాడు. కూలి అని చెప్పడానికి లేని సిగ్గు డప్పు అని చెప్పడానికి ఉండేది. ఎందుకుండేదో ఇది చదివేవాళ్ళకు మేము వివరించనక్కరలేదు. ఆ డప్పును చావుకు పిలిచినవాళ్ళు పెళ్ళి పందిట్లోకి రానివ్వలేదు. కాబట్టి మనకు పాతది అంటే గొప్పతనం ఒక్కటే కాదు, దెబ్బ కూడా. పాత సంప్రదాయాలను అలాగే కాపాడుకోవాలి అని సభల్లో పెద్దలు చెబుతుంటే మాకు లోపల ఏదో అడ్డుపడేది. కొత్తదాన్ని పట్టుకుని పాతదంతా వదిలేయాలి అంటే కూడా అడ్డుపడేది. డప్పు పోతే నాన్న కూడా పోయినట్టే.

ఈ చెల్లో మనిషి కథ మాకు నచ్చింది అందుకే. ఆయన పాతదాన్ని దేవుడి గదిలో పెట్టలేదు. విప్పి చూశాడు, ప్రశ్నించాడు, పక్కన కొత్తదాన్ని కూర్చోబెట్టాడు. మా స్నేహితుడు, ఆ డప్పు కళాకారుడి కొడుకు, ఇప్పుడు ఒక జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతున్నాడు. చర్మం వేడెక్కితే శ్రుతి ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి రెండేళ్ళ కిందట తండ్రి డప్పు తరగతికి తీసుకెళ్ళాడు. పిల్లలు పాఠం అయ్యాక కూడా వెళ్ళనివ్వలేదట. కెరాస్ సంగతి మాకు మొదట చెప్పింది వాడే. మా ఆదివారం సమావేశంలో ఫోనులో వినిపించాడు. అయితే వినిపించింది బాఖ్ కాదు.

కెరాస్ పెరిగిన ఒత్ ప్రొవాన్స్ ప్రాంతంలో, ఇరాన్ నుంచి ఫ్రాన్సుకు వచ్చి స్థిరపడిన చెమిరానీ అనే కుటుంబం ఉండేది. తండ్రి జంషీద్, జర్బ్ అనే పారశీక తోలువాద్యంలో విద్వాంసుడు. కొడుకులు కేవాన్, బిజాన్ ఇద్దరూ తండ్రి దగ్గరే నేర్చారు. కెరాస్‌కు వాళ్ళు చిన్ననాటి స్నేహితులు. పెద్దయ్యాక ఈ ముగ్గురూ గ్రీసు దేశపు లైరా వాద్యకారుడు సొక్రాతిస్ సినోపులోస్‌ను కలుపుకుని త్రేస్ పేరుతో 2016లో ఒక ఆల్బమ్ చేశారు. త్రేస్ అంటే గ్రీసు, బల్గేరియా, టర్కీ మూడు దేశాలూ పంచుకున్న ప్రాంతం. లైరా ఒళ్ళో నిలబెట్టి కమానుతో వాయించే చిన్న వాద్యం, చెల్లోకు పల్లెటూరి చుట్టంలా ఉంటుంది. జర్బ్ ఒకే చెక్కను తొలిచి ఒక వైపు చర్మం బిగించిన వాద్యం, పది వేళ్ళతో పలికిస్తారు.

ఆ ఆల్బమ్‌లో పల్లె నాట్యాల పాటలున్నాయి, పారశీక తాళాలున్నాయి. వాటి మధ్య పోలండ్ స్వరకర్త లుటొస్లావ్‌స్కీ రచన ఒకటి ఉంది. పైన చెప్పిన ఆ పన్నెండు మంది జాఖర్ పేరుమీద రాసిన పన్నెండింటిలో అదొకటి. ఒక మనిషి పేరులోని ఆరు అక్షరాలు, ఒక చెల్లో, ముందూ వెనకా తోలు మీద వేళ్ళ చప్పుడు. ఫోను స్పీకరు చిన్నది, కింది తీగ సరిగా వినపడలేదు. మళ్ళీ పెట్టమన్నాం. మావాడు రెండోసారి పెట్టి, జర్బ్ మొదలవగానే బల్లమీద చేత్తో వరస అందుకున్నాడు. మాకు ఇన్నేళ్ళలో వాడు కొట్టగా వినడం అదే మొదటిసారి.